మన బండికి ఏ బ్రేక్ ప్యాడ్లు?

సొసైటీ బండికి ఖరీదైన బ్రేక్ ప్యాడ్లు వేయిస్తానని మన దాతల్లో ఒక పెద్దాయన ముందుకొచ్చారు. మేము వద్దన్నాం. ఈ సంగతి బయటికి తెలిశాక మండిబజార్‌లో ఎదురుపడినవాళ్లు, జుమా నమాజు తర్వాత కలిసినవాళ్లు చాలామంది మమ్మల్ని నిలదీశారు. "ఇస్తానన్నవారిని వద్దంటారా? బ్రేకుల దగ్గర కూడా పొదుపేనా?" అని. అడగవలసిన ప్రశ్నే. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి సావనీర్‌లో వివరంగా రాస్తామని అందరికీ మాట ఇచ్చాం. మీలో చాలామంది రోజూ సొంత కారు నడిపేవారే. మేము తెలుసుకున్నది మీకూ పనికొస్తుందన్న ఆశతో కొంచెం విస్తరించి రాస్తున్నాం.

మేము మెకానిక్‌లం కాము. బండి బాగోగులు చూసే ముగ్గురం. ఒకరిది బట్టల వ్యాపారం, ఒకరు కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు, మూడోవారు ఆ బండి నడిపే డ్రైవరు. బండి 2017లో కొన్న మారుతి ఈకో. డయాలసిస్‌కు వెళ్లేవారిని ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లడం, నర్సంపేట, పరకాల వైపు వాళ్లను ఇళ్లకు చేర్చడం, అప్పుడప్పుడు హైదరాబాద్ నిమ్స్ దాకా వెళ్లి రావడం దాని పని. శుక్రవారమైనా ఆదివారమైనా దానికి సెలవు లేదు.

2024 నవంబరులో నిమ్స్ నుంచి తిరిగి వస్తున్నప్పుడు జరిగింది అసలు సంగతి. బండిలో రోగి, ఆయన భార్య, వాళ్లబ్బాయి, మాలో ఒకరు, డ్రైవరు ఉన్నారు. జనగామ దాటాక ఎడమ పక్క నుంచి ఏదో కాలుతున్న వాసన వచ్చింది. పొలాల్లో గడ్డి కాలుస్తున్నారనుకున్నాం. రఘునాథపల్లి దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం చీకటి పడుతోంది. వానాకాలం పంట కోతల రోజులు కదా, రోడ్డు మీద ఒక వరుస మొత్తం వడ్లు ఆరబోసి ఉన్నాయి. వడ్ల పక్కన రాళ్లు పేర్చారు. ముందు పోతున్న ట్రాక్టరుకు వెనక లైటు లేదు. డ్రైవరు బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా, దూదిలో దిగినట్టు కిందికి దిగిపోయింది. రెండోసారి, మూడోసారి కొట్టి కొట్టి తొక్కితే కొంత పట్టింది. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి, సగం బండి వడ్ల మీదికెక్కించి ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు, అల్‌హమ్‌దులిల్లాహ్. వడ్లు కాపలా కాస్తున్న రైతు తిట్టకపోగా మంచినీళ్లు ఇచ్చాడు. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి.

ఇది విన్న పెద్దాయన ఆ రాత్రే ఫోన్ చేశారు. "పైసల సంగతి మీరు చూడకండి. మా వాడు రియాద్‌లో ఉన్నాడు, మంచి సిరామిక్ ప్యాడ్లు పంపిస్తాడు. మనుషుల ప్రాణాలకన్నా ఎక్కువా?" అన్నారు. ఆయన మాటలో కలతే తప్ప గొప్ప లేదు. మేమూ మొదట సరేనన్నాం. ప్యాడ్లు అరిగి ఉంటాయి, మంచివి వేస్తే సరిపోతుందన్నదే మా ఆలోచన కూడా.

మరునాడు ఆటోనగర్‌లో మా ఉస్తాద్ చక్రం విప్పాక ఆలోచన మారింది. ఎడమవైపు లోపలి ప్యాడ్ పూర్తిగా అరిగింది, బయటి ప్యాడ్ సగం ఉంది. ఒకే కాలిపర్‌లో రెండు ప్యాడ్లకు అంత తేడా ఉంటే దానికి ప్యాడ్ నాణ్యత కారణం కాదు. కాలిపర్ జరగడానికి రెండు పిన్నులుంటాయి. వాటిలో ఒకటి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కాలు తీసినా ప్యాడ్ డిస్కును వదలడం లేదు. హైదరాబాద్ నుంచి వస్తున్నంతసేపూ ఎడమ చక్రం కొద్దికొద్దిగా బ్రేకు పట్టుకునే తిరిగింది.

తుప్పు ఎక్కడి నుంచి వచ్చింది? 2023 జులై చివర్లో వరంగల్, హన్మకొండ కాలనీలు నీట మునిగినప్పుడు ఇదే బండి మూడు రోజులు నీళ్లలో తిరిగింది. అన్నం పొట్లాలు, మందులు చేరవేసింది. నీళ్లు తగ్గాక సీట్లు ఆరబెట్టాం, ఇంజన్ ఆయిల్ మార్పించాం, బండి లోపలంతా డెట్టాల్ వేసి కడిగించాం. బ్రేకులు విప్పించి పిన్నులు శుభ్రం చేయించాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. ఆ తప్పు మాది. 2020 ఆగస్టు, 2023 జులై వరదల్లో మీ కారు చక్రాలు మునిగి ఉంటే, ఆ తర్వాత బ్రేకులు విప్పి చూపించారో లేదో ఒకసారి గుర్తు చేసుకోండి.

రెండో కారణం బ్రేక్ ఆయిల్. కొన్నప్పటి నుంచి దాన్ని పూర్తిగా మార్చినట్టు మా రిజిస్టరులో ఎక్కడా లేదు, తగ్గినప్పుడల్లా పైన కొంచెం పోశాం అంతే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే కొత్తది 230, తేమ పట్టింది 155. పిన్ను బిగిసి చక్రం గంటల తరబడి వేడెక్కితే పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిల్‌ను నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే పెడల్ దూదిలా దిగింది. రియాద్ నుంచి కాదు, ఎక్కడి నుంచి ప్యాడ్లు తెప్పించి వేసినా ఆ సాయంత్రం పెడల్ అలాగే దిగేది.

పెద్దాయనకు మేము మొదట చెప్పింది ఇదే. అయినా ప్యాడ్లు ఎలాగూ మార్చాలి కదా, మార్చేటప్పుడు మంచివే వేద్దాం అన్నారాయన. అదీ న్యాయమైన మాటే. అక్కడి నుంచి ఏది మంచిదో తెలుసుకునే పని మొదలైంది.

బ్రేకు చేసే పని

మా లెక్చరర్ గారు కాగితం మీద వేసిన లెక్క ఇది. మనుషులతో కలిపి మన బండి బరువు సుమారు 1,400 కిలోలు అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని ఆపాలంటే దానిలో ఉన్న దాదాపు 3,45,000 జౌళ్ల శక్తిని బ్రేకులు వేడిగా మార్చాలి. అర్థమయ్యేలా చెప్పాలంటే, ఒక లీటరు నీళ్లను పొయ్యి మీద పెట్టి మరిగే దాకా తెచ్చే వేడికన్నా అది కొంచెం ఎక్కువే. చాయ్ నీళ్లు కాగడానికి స్టవ్ మీద నిమిషాలు పడుతుంది. బ్రేకులకు నాలుగైదు సెకన్లలో అంత వేడి తగులుతుంది. దానిలో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే పడుతుంది, ఎందుకంటే బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు వాలుతుంది. వేగం 40 అయితే ఈ శక్తి సగం కాదు, నాలుగో వంతు. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు అన్నమాట.

ఇక చాలామందికి, మాకు కూడా, తెలియని సంగతి ఒకటి. బండిని ఆపేది చివరికి టైరు. ప్యాడ్ డిస్కును ఎంత గట్టిగా పట్టుకున్నా టైరుకు రోడ్డు మీద ఉన్న పట్టును మించి బండి ఆగదు. పెడల్ గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి జారేంత బలం, లేదా ఏబీఎస్ ఉన్న కారులో టకటకమని ఏబీఎస్ పనిచేసేంత బలం, మామూలు కంపెనీ ప్యాడ్లకే ఉంటుంది. అలాంటప్పుడు ఇంకా గట్టి ప్యాడ్లు వేస్తే, చల్లగా ఉన్న బ్రేకులతో ఒక్కసారి ఆపడంలో బండి ఒక మీటరు ముందు ఆగుతుందన్న హామీ ఏమీ లేదు. అరిగిన టైర్లతో తడి రోడ్డు మీద మంచి ప్యాడ్లు వేసుకుని వెళ్లేవారికన్నా, మంచి టైర్లతో మామూలు ప్యాడ్లు వేసుకున్నవారే త్వరగా ఆగుతారు.

మరి ఖరీదైన ప్యాడ్లతో వచ్చే తేడా ఏమిటి? మళ్లీ మళ్లీ బ్రేకులు వేసి వేడెక్కినప్పుడు పట్టు తగ్గకుండా ఉండటం. పెడల్ కింద స్పర్శ స్పష్టంగా ఉండటం. దుమ్ము, చప్పుడు, డిస్కు అరుగుదల మారడం. ఘాట్ రోడ్డులో ఏడుగురితో దిగే ఎర్టిగాకు, ఇన్నోవాకు మొదటిది పెద్ద సంగతి. నక్కలగుట్ట నుంచి చౌరస్తా దాకా వెళ్లొచ్చే కారుకు అది అనుభవంలోకే రాదు.

వేడికి బ్రేకు తగ్గడంలోనూ రెండు రకాలున్నాయి, ఈ తేడా డ్రైవింగ్ చేసేవారు తెలుసుకుంటే మంచిది. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి ఆగడం లేదంటే ప్యాడ్ వేడెక్కి పట్టు వదిలింది. పెడల్ మెత్తబడి దిగిపోతోందంటే ఆయిల్ మరిగింది, లేదా లైనులో గాలి ఉంది, లేదా ఎక్కడో లీకు ఉంది. మొదటిదానికి ప్యాడ్ మందు కావచ్చు. రెండోదానికి ప్యాడ్‌తో సంబంధం లేదు.

ఏ ప్యాడ్‌లో ఏముంది

1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ భర్త తయారుచేసిన కారు తీసుకుని, ఇద్దరు కొడుకులతో నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుట్టింటి ఊరికి బయలుదేరింది. దారిలో చెక్క బ్రేకు దిమ్మలు అరిగిపోతే ఒక చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించుకుంది. బ్రేకు లైనింగ్ కథ అక్కడ మొదలైందంటారు. ఆ తర్వాత 1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన గుర్రపు బండ్ల బ్రేకుల కోసం లైనింగులు తయారుచేయడం మొదలుపెట్టాడు. ఫెరోడో అన్న పేరు ఆయన ఇంటిపేరు అక్షరాలను అటూ ఇటూ చేసి పెట్టిందే. తోలు పోయి బట్ట వచ్చింది, బట్టకు బదులు ఆస్‌బెస్టాస్ వచ్చింది. వేడిని బాగా తట్టుకునేది, చవక. ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని తేలాక ప్రపంచమంతా దాన్ని వదిలించుకునే పనిలో పడింది. డబ్బా మీద ఆస్‌బెస్టాస్ ఫ్రీ అని లేని ప్యాడ్, బ్రేక్ షూ ఎంత చవకైనా కొనకండి.

ఇక్కడ ఒక్క మాట పక్కకు వెళ్లి చెబుతాం. మన షెడ్లలో చక్రం విప్పగానే ఉఫ్ అని నోటితో ఊదడం, లేదా కంప్రెసర్ గాలి కొట్టడం అలవాటు. నల్లటి దుమ్ము పక్కనున్న కుర్రాడి ముఖం మీదే పడుతుంది. తడి గుడ్డతో తుడవమని మీరు ఒక మాట అడిగితే పోయేదేమీ లేదు. బ్రేకు దుమ్మును ఐరోపా దేశాలు ఇప్పుడు పొగగొట్టం పొగతో సమానంగా చూస్తున్నాయి, యూరో 7 నిబంధనల్లో దానికీ హద్దు పెట్టారు.

ఇప్పుడు దొరికే ప్యాడ్లలో ప్రధానంగా మూడు నాలుగు రకాలు. మన చిన్న కార్లలో కంపెనీ నుంచి వచ్చేవి ఎక్కువగా ఆర్గానిక్ రకం. నార, రెసిన్, రబ్బరు, గ్రాఫైటు వంటివి కలిపి అచ్చుపోసినవి. చప్పుడు తక్కువ, డిస్కును తక్కువ అరగదీస్తాయి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కూడా మొదటి తొక్కుకే పట్టుకుంటాయి. మరీ వేడెక్కితే పట్టు తగ్గుతుంది. సెమీ మెటాలిక్‌లో ఇనుప పొడి, ఉక్కు నార వంటి లోహాలు బరువులో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా ఉంటాయి. వేడిని బాగా లాగేస్తాయి, బరువు బండ్లకు, ఘాట్లకు మంచివి. డిస్కును ఎక్కువ తింటాయి, కొంత గరగర ఉంటుంది. వీటికీ ఆర్గానిక్‌కూ మధ్యలో లో మెటాలిక్ అని ఒకటుంది. సిరామిక్‌లో సిరామిక్ నార ఉంటుంది. నిశ్శబ్దంగా ఉంటాయి, దుమ్ము తక్కువ, అల్లాయ్ వీల్స్ నల్లబడవు, ధర ఎక్కువ. సిరామిక్ అంటే అన్నిటికన్నా త్వరగా ఆపేది అని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. దాని గొప్పతనం శుభ్రత, నెమ్మది, స్థిరత్వం. ఇక రేసు ప్యాడ్లంటారు, అవి బాగా వేడెక్కితేగాని సరిగ్గా పట్టుకోవు. ఇంటి గేటు దాటగానే స్కూలు పిల్లవాడు అడ్డమొస్తే చల్లటి రేసు ప్యాడ్ కంపెనీ ప్యాడ్‌కన్నా ఆలస్యంగా పట్టుకుంటుంది. రోజువారీ కారులో వాటికి చోటు లేదు. మా ఉస్తాద్ మాటల్లో, "అవి పరుగు పందెం గుర్రాలు సాబ్, జట్కాకు కట్టరు."

ప్యాడ్ అంచున గానీ వెనక రేకు మీద గానీ కొన్ని అంకెలతోపాటు రెండు ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే చూడండి. ఎఫ్‌ఎఫ్, జీఎఫ్, ఈఈ ఇలా. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కినప్పుడు పట్టు. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండూ ఒకటే అక్షరమైతే చల్లగా ఉన్నా వేడెక్కినా పట్టు ఇంచుమించు ఒకే శ్రేణిలో ఉంటుందని అర్థం. ఎఫ్‌ఎఫ్ రోజువారీ కారుకు చక్కగా సరిపోతుంది. ఇది పరీక్ష గదిలో చిన్న ముక్క మీద చేసిన కొలత. ఎన్నాళ్లు మన్నుతుందో, మీ డిస్కుతో ఎలా ఉంటుందో ఆ అక్షరాలు చెప్పవు. యూరప్ కోసం చేసినవాటి మీద ఈ అక్షరం, ఒక అంకె, పక్కన 90ఆర్ అని ఉంటుంది. ప్యాడ్ పట్టు ఆ కారు అసలు ప్యాడ్‌కు 15 శాతానికి మించి అటూ ఇటూ కాకూడదన్న నియమం దాని వెనక ఉంది. ఆ నియమం చూశాక మాకు ఒక సంగతి అర్థమైంది. అక్కడివాళ్లు మరీ ఎక్కువ పట్టును కూడా మంచిదిగా చూడటం లేదు.

ఎక్కువ పట్టు ఎందుకు మంచిది కాదో మన ఈకోనే ఉదాహరణ. దానికి ఏబీఎస్ లేదు. 2019 ఏప్రిల్ నుంచే మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది, మనది అంతకుముందుది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. వెనక షూలు పాతవే ఉంచి, ముందు మాత్రం బాగా పట్టే ప్యాడ్లు వేస్తే వాన రోడ్డు మీద ముందు చక్రాలు తొందరగా బిగుసుకుంటాయి. బిగుసుకున్న ముందు చక్రాలతో స్టీరింగు ఎటు తిప్పినా బండి నేరుగానే జారుతుంది. స్ట్రెచర్ మీద మనిషిని పెట్టుకున్న బండికి ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

కొనడంలో మా అనుభవం

రియాద్ నుంచి సమాధానం వచ్చింది, ఈకోకు సరిపోయే సిరామిక్ ప్యాడ్లు అక్కడ లేవని. పెద్దాయన కోరిక మీద ఇక్కడే రెండు మూడు దుకాణాలు తిరిగాం. ఒకచోట, పేరు చెప్పం, "వేరే కారు ప్యాడ్లున్నయి, జెర గ్రైండింగ్ పడితే మీదాంట్ల కూసుంటయి" అన్నారు. అలా కూర్చోబెట్టినవి కాలిపర్‌లో కదలాడతాయి, రేకు అంచు దెబ్బతింటుంది, ఒక పక్కే అరుగుతాయి. ఎంత మంచి ప్యాడ్ అయినా మీ కారు మోడలుకు, ఏడాదికి తయారుచేసింది కాకపోతే దాన్ని అరగదీసి ఇరికించకండి. మేము లేచి వచ్చేశాం.

ఇంకోచోట మోసపోయాం. పేరున్న కంపెనీ డబ్బాలో ఉన్న సెట్టు, ధర తక్కువ. బిల్లు అడిగితే "రేపు ఇస్తం" అన్నారు. ఉస్తాద్ చేతిలో పెట్టగానే తిప్పి చూసి నవ్వాడు. వెనక రేకు మీద అచ్చు మసకగా ఉంది, డబ్బా మీద నంబరూ ప్యాడ్ మీద నంబరూ కలవలేదు, ప్యాడ్ అంచులు తెగినట్టు ఉన్నాయి, రేకుకూ ప్యాడ్‌కూ మధ్య సన్నటి సందు కనిపించింది. ఆ సందులో తుప్పు చేరితే ప్యాడ్ రేకు నుంచి ఊడిపోతుంది. వెనక్కి ఇవ్వడానికి వెళ్తే బిల్లు లేదు కాబట్టి మా దగ్గర కొన్నవి కావన్నారు. ఆ డబ్బులు మా ముగ్గురి జేబుల్లోంచి పెట్టుకున్నాం, సొసైటీ లెక్కలో రాయలేదు. దాతల సొమ్ము అమానత్, మా తెలివితక్కువతనానికి దాని నుంచి ఖర్చు పెట్టలేం.

చివరికి ఏం వేశామంటే, కారు కంపెనీ షోరూంలో పార్ట్ నంబరు చెప్పి, బిల్లుతో తీసుకున్న మామూలు ఆర్గానిక్ ప్యాడ్లు. వాటితోపాటు వెనక బ్రేక్ షూలు కొత్తవి, రెండు కాలిపర్లకూ కొత్త పిన్నులు, రబ్బరు బూట్లు, బ్రేకులకు వాడే ప్రత్యేకమైన గ్రీజు, డాట్ 4 ఆయిల్‌తో పూర్తిగా మార్పు. డిస్కు అంచున దాని కనీస మందం అచ్చువేసి ఉంటుంది. కొలిస్తే ఎడమ డిస్కు ఆ హద్దుకు దగ్గరగా ఉంది, వేడికి నీలం మచ్చలు కూడా పడ్డాయి. లేత్ పట్టిస్తే ఇంకా పలచబడుతుంది. అందుకని రెండు డిస్కులూ మార్చాం. ఒక పక్క మార్చి ఇంకో పక్క వదిలేస్తే బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపు లాగుతుంది.

కారు కంపెనీ డబ్బాకే అంటుకుని ఉండాలని మేము అనడం లేదు. కార్ల కంపెనీలు ప్యాడ్లు తామే తయారుచేయవు. వాటికి సరఫరా చేసేవాళ్లు తమ పేరుతో కూడా బజారులో అమ్ముతారు. చెన్నైలో 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా, 1964లో మొదలైన రేన్ బ్రేక్ లైనింగ్ అలాంటివే, రేన్ వాళ్లకు హైదరాబాద్‌లోనూ ఫ్యాక్టరీ ఉంది. అలాంటి పేరున్నవారి అసలు సరుకు, మీ మోడలుకు చేసింది, బిల్లుతో దొరికితే తీసుకోవచ్చు.

మీ కారు సంగతి

ఊళ్లోనే తిరిగే స్విఫ్ట్, వ్యాగన్ఆర్, ఐ20 ఉన్నవారికి మా సలహా కంపెనీ ప్యాడ్లే. మిగిలే డబ్బు టైర్లకు, రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్‌కు పెట్టండి. వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోయి వచ్చేవారు, కుటుంబమంతా ఎక్కి సామానుతో శ్రీశైలం ఘాట్, అరకు వంటి దారుల్లో వెళ్లేవారు మంచి పేరున్న లో మెటాలిక్ లేదా సెమీ మెటాలిక్ ప్యాడ్లు తీసుకుంటే తేడా తెలుస్తుంది. డిస్కు కొంచెం ముందుగా అరుగుతుందని మనసులో పెట్టుకోండి. అల్లాయ్ వీల్స్ మీద నల్లటి మసి చూసి విసుగొస్తే, కీచుమనే చప్పుడు పడకపోతే, ఖర్చుకు వెనకాడకపోతే సిరామిక్. ఏది వేసినా ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగకండి, రెండో గేరో మూడో గేరో వేసి ఇంజను చేత ఆపించండి. ప్యాడ్ ఎంత ఖరీదైనా ఈ అలవాటు లేకపోతే వేడెక్కక తప్పదు.

కొత్త ప్యాడ్లు వేసిన రోజే గట్టిగా తొక్కి పరీక్ష చేయడం చాలామంది చేసే పొరపాటు. ప్యాడ్, డిస్కు ఒకదానికొకటి అలవాటు పడాలి. ఖాళీ రోడ్డు మీద 60 వేగానికి వెళ్లి, 10 దాకా మెల్లగా నెమ్మదించి, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోవాలి. ఇలా ఎనిమిది పది సార్లు. తర్వాత పదినిమిషాలు బ్రేకు వాడకుండా నడిపి చల్లారనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడు ఆపి పెడల్ తొక్కి పట్టుకుంటే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడి తర్వాత పెడల్ అదురుతుంది. మన బండికి ఇది ఫజర్ నమాజు అయ్యాక, ట్రాఫిక్ మొదలుకాకముందు మడికొండ వైపు రోడ్డు మీద చేశాం. ఆ తర్వాత రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపాం.

ఎప్పుడు మార్చాలన్నదానికి కిలోమీటర్ల లెక్క నమ్మకండి. ఒకరి ప్యాడ్లు 50 వేలు వస్తాయి, ఇంకొకరివి 20 వేలకే అయిపోతాయి. సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా మందం చూడమనండి, అదీ లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ రెండూ. మూడు మిల్లీమీటర్లకు వస్తే మార్చడమే. "ఇంకా నడుస్తయి" అన్న మాటకు లొంగకండి. చాలా ప్యాడ్లకు చిన్న రేకు ముక్క ఉంటుంది, అరిగిపోయినప్పుడు డిస్కుకు తగిలి కీచుమంటుంది. వాన పడ్డ మర్నాడు పొద్దున మొదటి రెండు తొక్కులకు వచ్చే గరగర వేరు, అది డిస్కు మీది పలుచని తుప్పు, దానంతటదే పోతుంది. రోజంతా గరగర ఉంటే లోహం లోహానికి రాసుకుంటోందన్నమాట. దూరం వెళ్లి ఆగినప్పుడు నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అదే మా ఎడమ చక్రం.

పెద్దాయనను ఆటోనగర్‌కు తీసుకెళ్లి, అరిగిన ప్యాడ్, బిగిసిన పిన్ను, ఆయిల్ రంగు చూపించాం. పాత ఆయిల్ చాయ్ రంగులో ఉంది. కొత్తది తేనెలా లేతగా ఉంది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత టైర్ల మీద కూర్చుని గాడుల్లో వేలు పెట్టి చూసి, "ఇవెప్పటివి?" అని అడిగారు. అయిదేళ్లు దాటాయన్నాం. ప్యాడ్ల కోసం తీసిపెట్టిన డబ్బులో కొంత కలిపి నాలుగు టైర్లు వేయించారు. డిసెంబరు మొదటి వారం నుంచి బండి ఆ టైర్ల మీదే ఎంజీఎంకు తిరుగుతోంది. బ్రేకులకూ టైర్లకూ అయిన ఖర్చు బిల్లులు, ఇకముందు ఆయిల్ మార్చే తేదీలు రాసుకునే కొత్త రిజిస్టరు, ఆ అరిగిన ప్యాడ్ కూడా సొసైటీ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. ఎవరు వచ్చి అడిగినా తీసి చూపిస్తాం.